నిమిషానికి 8 పదాలు దాటాలంటే

కోయంబత్తూరు గాంధీపురంలో బస్సెక్కి సత్తి రోడ్డు మీదుగా శరవణంపట్టి ఐటీ ఆఫీసులకు వెళ్ళేవాళ్ళలోనూ, పీళమేడు వైపు మోటార్లు, పంపుల కంపెనీలకు షిఫ్టుకు వెళ్ళేవాళ్ళలోనూ రేడియో పిచ్చి ఉన్నవాళ్ళు ఉన్నారు. అమెచ్యూర్ లైసెన్సు సంగతి వస్తే వాళ్ళలో చాలామంది ఒకే చోట ఆగిపోతారు. థియరీ ఎలాగో చదివేస్తాం గానీ మోర్స్ మా వల్ల కాదు, టైమెక్కడిదీ అంటారు. టైము తక్కువన్న మాట నిజమే. అయితే మోర్స్‌కు ఆదివారం మధ్యాహ్నం కూర్చునే మూడు గంటలకంటే రోజూ దొరికే పావుగంటే ఎక్కువ పని చేస్తుంది. ఉద్యోగస్తుడికి అది అనుకూలమే.

ముందు గమ్యం తెలుసుకోండి. మన దేశంలో రెస్ట్రిక్టెడ్ గ్రేడ్‌కు మోర్స్ పరీక్ష లేదు. జనరల్ గ్రేడ్‌కు నిమిషానికి 8 పదాల వేగంతో 5 నిమిషాలు విని రాయాలి, అదే వేగంతో పంపాలి. పదానికి 5 అక్షరాల లెక్కన మొత్తం 200 అక్షరాలు. అంటే నిమిషానికి 40 అక్షరాలు. చేతిరాతకు ఇది పెద్ద వేగమేమీ కాదు. ఇబ్బందంతా చెవి దగ్గరే.

మోర్స్‌లో పొట్టి ధ్వని డిట్, పొడవు ధ్వని డా; డా అంటే మూడు డిట్‌ల నిడివి. 8 పదాల వేగంలో ఒక డిట్ 150 మిల్లీసెకన్లు, డా 450. ఇంత నిదానంగా వస్తే మనసు ఊరుకోదు, ఒకటి రెండు అని లెక్కపెట్టేస్తుంది. లెక్కపెట్టి, మనసులోని పట్టికలో వెతికి, అక్షరం రాసేలోగా తర్వాతి అక్షరం దాటిపోతుంది. చాలామంది 5, 6 పదాల దగ్గర నెలల తరబడి ఇరుక్కునేది ఇందుకే. నిదానంగా మొదలుపెట్టి మెల్లగా పెంచుకుందామనుకోవడం వినడానికి బాగుంటుంది గానీ, అక్కడ నేర్చుకునేది లెక్కపెట్టడమే. వేగం పెరిగాక ఆ అలవాటు అక్కరకు రాదు.

అందుకని అక్షరాన్ని మొదటి రోజు నుంచే 18 లేదా 20 పదాల వేగంతో వినండి. 20 పదాల వేగంలో డిట్ 60 మిల్లీసెకన్లే, లెక్కకు వ్యవధి ఉండదు. అక్షరానికీ అక్షరానికీ మధ్య ఖాళీని మాత్రం బాగా పెంచుకోండి. దీన్ని ఫార్న్స్‌వర్త్ పద్ధతి అంటారు. మొదట రెండు అక్షరాలు, అవి నూటికి తొంభై సార్లు సరిగ్గా పడ్డాక మూడోది, ఆ తర్వాత నాలుగోది. ఇలా ఒక్కొక్కటే చేర్చుకుంటూ పోవడం 1930లలో జర్మనీలో లుడ్విగ్ కోచ్ చూపిన దారి. లెర్న్ సీడబ్ల్యూ ఆన్‌లైన్‌ అనే వెబ్‌సైటులో ఈ పాఠాలు ఉచితంగా ఉన్నాయి. చుక్కలు, గీతలు రాసి ఉన్న పట్టిక గోడకు ఉంటే తీసేయండి.

కోయంబత్తూరు తెలుగు ఇళ్ళవాళ్ళకు చెవితో నేర్చుకోవడం గురించి వివరించనక్కర్లేదు. తరతరాలుగా ఇక్కడి పిల్లలకు ఇంట్లో తెలుగు చెవితోనే వచ్చింది, బడిలో అక్షరాలు తమిళమో ఇంగ్లీషో. తెలుగు లిపి చదవలేనివాళ్ళు కూడా అమ్మమ్మతో తడుముకోకుండా మాట్లాడతారు. మోర్స్‌నూ అలాగే పట్టాలి.

ఛందస్సు తెలిసినవాళ్ళకు ఇంకో వెసులుబాటు ఉంది. డిట్‌ను లఘువు, డాను గురువు అనుకోండి. య మా తా రా జ భా న స లోని ఎనిమిది గణాలూ మోర్స్‌లో మూడేసి ధ్వనులున్న ఎనిమిది అక్షరాలకు సరిగ్గా సరిపోతాయి. భగణం డి, రగణం కె, జగణం ఆర్, సగణం యు, యగణం డబ్ల్యూ, తగణం జి, మగణం ఓ, నగణం ఎస్. పద్యం అలవాటైన చెవి గణాన్ని నడకను బట్టే పోల్చుకుంటుంది. అంతవరకే దీన్ని వాడుకోండి. భగణం వచ్చింది కాబట్టి డి అని ఆలోచించడం మొదలైతే మళ్ళీ లెక్కలోకి దిగినట్టే. పైగా గురువుకు రెండు మాత్రలే, డా నిడివి మూడు.

పావుగంటను మూడు ముక్కలు చేసుకుంటే మంచిది. పొద్దున టీ తాగాక అయిదు నిమిషాలు కాగితం మీద రాయండి. బస్సులో ఇయర్‌ఫోన్ పెట్టుకుని అయిదు నిమిషాలు రాయకుండా వినండి. రాత్రి అయిదు నిమిషాలు కీ మీద పంపండి. నైట్ షిఫ్టు దిగి వచ్చి కళ్ళు మూతలు పడుతుంటే ఆ పూట మానేయండి. అలసిన చెవి తప్పులనే అలవాటు చేసుకుంటుంది. రాసేటప్పుడు ఒక అక్షరం జారిపోతే గీత గీసి వదిలేయండి. దాని కోసం వెనక్కి చూస్తే ఇంకో మూడు పోతాయి.

కొన్నాళ్ళకు ఎంత చేసినా వేగం పెరగని దశ ఒకటి వస్తుంది. 1890లలోనే బ్రయన్, హార్టర్ అనే ఇద్దరు అమెరికాలో తంతి ఆపరేటర్ల మీద చేసిన అధ్యయనంలో ఈ నిలకడను గుర్తించారు. చెవి విడి అక్షరాల నుంచి పూర్తి మాటలకు మళ్ళే సమయం అది. అప్పుడు చిన్న మాటలు వినండి, సీక్యూ (అందరికీ పిలుపు), డీఈ (నుంచి), 73 (శుభాకాంక్షలు) లాంటివి ఒకే ధ్వనిగా వినపడేదాకా.

పంపేటప్పుడు మోచేయి నుంచి ముంజేయి బల్ల మీద ఆనాలి. కీ గుండీని బొటనవేలు, పక్క రెండు వేళ్ళతో వదులుగా పట్టుకుని మణికట్టుతో ఆడించాలి. వేళ్ళతో పొడిస్తే పగలంతా స్పానర్ పట్టిన చేయి పది నిమిషాల్లో బిగుసుకుపోతుంది. అక్షరాల మధ్య ఖాళీని కుదించి వేగం చూపించకండి. అవతలివాళ్ళకు అది వేగంగా కాదు, ముద్దగా వినపడుతుంది.

పరీక్ష ముందు రెండు వారాలు అక్షరాలను కూడా అసలైన 8 పదాల నిదానంతో వినండి. వేగానికి అలవాటైన చెవికి సాగదీసిన అక్షరం కొత్తగా తోస్తుంది. అంకెలు, కామా, ప్రశ్నార్థకం ఆఖరికి వదిలేసేవాళ్ళు వాటి దగ్గరే మార్కులు పోగొట్టుకుంటారు.

లైసెన్సు చేతికొచ్చాక 7 మెగాహెర్ట్జ్ మీద మొదటి పిలుపు పంపేటప్పుడు మీరు వినగలిగిన వేగంతోనే పంపండి. మీరు ఎంత వేగంగా పిలిస్తే జవాబు అంతే వేగంగా వస్తుంది. అందుకోలేకపోతే క్యూఆర్‌ఎస్ పంపండి, నిదానించమని దాని అర్థం. పాత ఆపరేటర్లు సంతోషంగా తగ్గిస్తారు.