పెరటి పనిశాలకు విద్యుత్తు

ఇంటికి ఎడముగా పెరటిలో వడ్రంగిపాక గలవారు అచ్చటికి రెండు తీగలు లాగిన చాలునని తలంచుచుందురు. ఇది ప్రాణాపాయకరము. రంపపు యంత్రములోని తీగ తొడుగు చెడి ఇనుపభాగమునకు తగిలినచో, దానిని ముట్టినవారికి షాకు తప్పదు. కావున మూడవదగు ఎర్తు తీగను ఆ ఇనుపభాగమునకు కలుపవలెను.

అయినను నేలలో పాతిన ఎర్తు కడ్డీ ఒక్కటియే చాలదు. దాని నిరోధము 23 ఓములైనచో, 230 వోల్టుల వద్ద 10 ఆంపియర్లు మాత్రమే ప్రవహించును. అంతటితో 16 ఆంపియర్ల ఫ్యూజు కరగదు. ప్రమాదము అట్లే నిలిచియుండును. అందుచేత 30 మిల్లీ ఆంపియర్ల లీకునకే సరఫరాను ఆపివేయు బ్రేకరును ఇంటి మెయిను బోర్డు వద్దనే అమర్చవలెను. ఉక్కుకవచము గల కేబులును 75 సెంటీమీటర్ల లోతున పాతవలెను. ఈ పనిని లైసెన్సు గలవారిచేతనే చేయింపవలెను. నెలకొక పర్యాయము బ్రేకరుపై గల పరీక్షా మీటను నొక్కి చూచుట మరువరాదు.