గోడవార పువ్వు

తొలకరి పడింది. పది రోజుల్లో పెరడంతా పచ్చబడింది. అత్త పార తీసుకుని గడ్డి చెక్కడానికి దిగింది. కోడలు అంట్లు తోముతూ చూసింది.

"అత్తా, ఆ గోడవార చెక్కకు. అక్కడేదో పువ్వుంది" అంది.

"పిచ్చిమొక్కకు పువ్వేమిటే?" అంది అత్త. అయినా పార పక్కన పెట్టింది. వంగి చూసింది.

జానెడు మొక్క. సన్నటి, పొడుగాటి ఆకులు. ఆకు మొదట్లో ఒక్క పువ్వు. దూరం నుంచి చూస్తే దానికి ఒకే రేకు ఉన్నట్లుంటుంది. గులాబీ, ఊదా కలిసిన రంగు. వేలిగోరంత ఉంటుంది. కళ్ళ దగ్గరకు తెచ్చుకుంటే అసలు సంగతి తెలుస్తుంది. పెద్ద రేకు పైన నాలుగు బుల్లి రేకులున్నాయి. మొత్తం అయిదు.

ఈ మొక్క పేరు రత్నపురుష. పేరేమో మగపేరు! పెరడు ఊడ్చేది, గడ్డి చెక్కేది ఆడవాళ్ళు. దాన్ని ఉంచినా, పీకినా వాళ్ళ చేతిలోనే ఉంది.

ఒక్క రేకే అంత పెద్దగా ఎందుకుంది? అది పువ్వుకు అరుగు లాంటిది. తేనె కోసం వచ్చిన చిన్న తేనెటీగ ఆ అరుగు మీద వాలుతుంది. లోపలికి తల దూరుస్తుంది. పుప్పొడి ఒంటికి అంటుతుంది. దాన్ని మోసుకుని ఇంకో పువ్వు మీదికి పోతుంది.

చలి ప్రాంతాల్లో వయొలెట్ అనే ఊదా పువ్వులు పూస్తాయి. కాశ్మీరులోనూ ఉన్నాయి. వాటిని ఎండబెట్టి యునానీ మందుల కొట్లలో బనఫ్షా పేరుతో అమ్ముతారు. రత్నపురుషది ఆ వయొలెట్ల కుటుంబమే. చలి పువ్వుల చుట్టం ఎండలు కాసే పల్లెలో, గోడవార పెరుగుతోందన్నమాట.

ఆకులు కొరికేసి ఉన్నాయా? పురుగు పట్టిందని మందు కొట్టొద్దు. ఆకు వెనక్కి తిప్పి చూడాలి. ఒళ్ళంతా ముళ్ళున్న గొంగళిపురుగు కనబడవచ్చు. కొన్నాళ్ళకు అదే సీతాకోకచిలుక అవుతుంది. నారింజ రంగు రెక్కలు, వాటి మీద నల్లచుక్కలు. తాపీగా ఎగురుతుంది. దానికి తొందర లేదు. ఒంట్లో చేదు విషం ఉంది కాబట్టి పిట్టలు దాని జోలికి రావు.

నాటువైద్యంలో ఈ మొక్కను వాడతారు. అందుకే కొందరు వేళ్ళతో సహా పీక్కుపోతారు. కాయ పగలకముందే పీకితే అక్కడ విత్తనం రాలదు. ఎవరో చెప్పారని ఆకులు నూరి మింగడం కూడా మంచిది కాదు. కడుపుతో ఉన్నవాళ్ళు అసలే మింగకూడదు.

పెరడు చెక్కకుండా వదిలేస్తే ఎలా? పాములు, తేళ్ళ భయం ఉండనే ఉంది. గుమ్మం ముందు, దొడ్డి దారిలో చెక్కుకోవాల్సిందే. గోడవార మూరెడు చోటు వదిలితే చాలు, ఈ మొక్కకు అంతకన్నా అక్కర్లేదు. పువ్వు రాలాక కంది గింజంత కాయ వస్తుంది. అది ఎండి మూడు దొప్పలుగా విచ్చుకుంటుంది. లోపల లేతరంగు గింజలు, వాటి మీద సన్నటి గీతలు. ఆ దొప్పలు ఖాళీ అయ్యాక గోడవార కూడా పార వెయ్యవచ్చు.