పంటలో ఎవరి పాలు వారికి: ఇంటింటి సంక్రాంతి ఆచారం

సూర్యభగవానుడు ధనూరాశిని వీడి మకరరాశిలో ప్రవేశించే పుణ్యకాలమే మకర సంక్రాంతి. గోదావరి డెల్టాలో ఈ పుణ్యకాలానికి పంట సంబరం కూడా తోడవుతుంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన తరువాత కాలువల నీటితో ఈ సీమ అన్నపూర్ణగా పేరుగాంచింది. సార్వా ధాన్యం ఒబ్బిడి అయి, దాళ్వా నాట్లు సాగే నడిమి రోజులలో ఈ పండుగ వస్తుంది. మనవారు దీనిని 'పెద్ద పండుగ' అంటారు. ఆ మాటకు గొప్ప పండుగ అనే కాక, పెద్దలను స్మరించే పండుగ అనే అర్థమూ ఉంది.

పూర్వం కుప్ప నూర్చిన నాడే కళ్ళంలో కమ్మరి, వడ్రంగి, కుమ్మరి మొదలైన వృత్తులవారికి 'మేర' కొలిచి ఇచ్చేవారు. మిగిలిన ధాన్యమే గాదెకు గాని, పురికి గాని చేరేది. అనగా ఇతరుల పాలు తీసిన తరువాతనే పంట గడప దాటేది. నేడు కోతయంత్రం నుండి ధాన్యం నేరుగా లారీకెక్కి కొనుగోలు కేంద్రానికో, మిల్లుకో తరలిపోతున్నది. భూమి ఉన్న ఇంటివారు సైతం తమ చేని గింజను కంట చూడని రోజులివి. మరి ధాన్యం రాని ఇంట పంటల పండుగ ఎట్లా చేసుకోవాలి? మూడు రోజుల ఆచారాలను వరుసగా పరిశీలిస్తే సమాధానం వాటిలోనే కనిపిస్తుంది.

భోగి: అగ్నికి, పసివారికి

తెల్లవారుజామున భోగిమంట వేసి, పిల్లలు గుచ్చిన పిడకల దండలను అగ్నికి సమర్పించి, ఆపై తలంటు పోసుకోవడం మన ఆచారం. మంటలో పిడకలు, ఎండు కట్టెలు మాత్రమే వేయాలి. ప్లాస్టిక్కు, టైర్లు కాల్చి పొగపెట్టడం అగ్నిదేవునికి అపచారం. సాయంకాలం బొమ్మల కొలువు ముందు పసివారిని కూర్చుండబెట్టి రేగుపళ్ళు, చెరకు ముక్కలు, పూలరేకులు, చిల్లర నాణేలు కలిపి భోగిపళ్ళు పోస్తారు. రేగుపండును అర్కఫలమని కూడా అంటారు. సూర్యుని అనుగ్రహం బిడ్డపై వర్షించాలన్నదే ఇందలి భావం.

ధనుర్మాసమంతా హరిదాసు అక్షయపాత్రను శిరస్సున ధరించి హరినామ సంకీర్తనతో వీథుల వెంట సాగుతాడు. ఆ పాత్రలో బియ్యం పిల్లల చేతనే పోయించడం పెద్దలు నేర్పిన పద్ధతి. రాజమహేంద్రవరం వంటి పట్టణాలలో అంతస్తుల ఇళ్ళ వద్దకు ఆయన ఎక్కి రాలేడు. కనుక మనమే గుమ్మం దిగి వెళ్ళి సమర్పించుకోవాలి.

సంక్రాంతి: పితృదేవతలకు

రెండవనాడు పితృతర్పణం ప్రధానం. తర్పణాధికారం గలవారు తిలోదకాలతో తండ్రి, తాత, ముత్తాతలను పేరుపేరున స్మరిస్తారు. అనేక కుటుంబాలలో కొత్త బట్టలను ముందుగా పెద్దల పేరిట పెట్టి, నివేదన అయిన పిమ్మట ధరిస్తారు. కొత్త బియ్యంతో పొంగలి, నువ్వులద్దిన అరిసెలు నైవేద్యం. గుమ్మడికాయను, స్వయంపాకాన్ని దానమిస్తారు.

దూరదేశాల నుండి వచ్చిన పిల్లలకు ఆనాడు ఒక చిన్న పని అప్పగించండి. గోత్రం, మూడు తరాల పెద్దల పేర్లు, స్వగ్రామం, ఆ ఊరి పొలాలకు నీరిచ్చే కాలువ పేరు, ఇవన్నీ ఒక పుస్తకంలో వారి చేతనే వ్రాయించండి. ఆ పేర్లు తెలిసిన పెద్దలు ఉండగానే ఈ పని జరగాలి. పేరు తెలియని తాతకు తర్పణం విడవడం ఎట్లా?

తేదీ విషయంలో పంచాంగమే ప్రమాణం. స్వామి వివేకానందులు జన్మించిన 1863లో సంక్రాంతి జనవరి 12న వచ్చింది. నేడు జనవరి 14న గాని, 15న గాని వస్తున్నది. నక్షత్రమండలాన్ని అనుసరించే మన సౌరవత్సరం ఆంగ్ల వత్సరం కంటే సుమారు 20 నిమిషాలు అధికం. అందువలన రమారమి 70 ఏళ్ళకు ఒక దినం చొప్పున పండుగ ముందుకు జరుగుతున్నది.

కనుమ: పశుపక్ష్యాదులకు

కనుమనాడు పశువులను కడిగి, కొమ్ములకు రంగులద్ది, పూజించి, పొంగలి తినిపిస్తారు. పిచ్చుకల కోసం వరికంకుల కుచ్చులను చూరుకు, దేవాలయ మండపాలకు వ్రేలాడదీస్తారు. మినుములతో గారెలు వండుతారు. పశువులు లేని ఇంటివారు సమీప గోశాలకు వెళ్ళి మేత సమర్పించవచ్చు. ప్రాణుల ఉపకారాన్ని స్మరించే ఈ దినాన కోళ్ళకు కత్తులు కట్టి పందేలాడడం పండుగ భావానికే విరుద్ధం. జంతువులను పోరుకు పురికొల్పడాన్ని 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కూడా నేరంగా పరిగణించింది.

కోనసీమలో మొసలపల్లి చెంత జగ్గన్నతోటలో ఇదే రోజున ప్రభల తీర్థం జరుగుతుంది. పదకొండు గ్రామాల నుండి ఏకాదశ రుద్రులు ప్రభలపై అక్కడికి వేంచేస్తారు. 2023 గణతంత్ర దినోత్సవంలో ఢిల్లీ వీథులలో మన రాష్ట్ర శకటంగా సాగినది ఈ ప్రభల తీర్థమే. భక్తులు ప్రభలను భుజాలపై మోస్తూ పచ్చని వరిచేలకు అడ్డంగా నడుస్తారు. కౌశికను దాటి వచ్చే ప్రభలూ ఉన్నాయి. పైరు తొక్కుడు పడినా రైతు అభ్యంతరపెట్టడు. తన చేనిలో పరమశివుడు అడుగుపెట్టాడని సంతోషిస్తాడు.

పండించినవాని పాలు

అగ్నికి, పసివారికి, హరిదాసుకు, పితరులకు, పశువులకు, పక్షులకు వరుసగా వారి వారి పాలు అందించడమే ఈ మూడు రోజుల సారం. ధాన్యం ఇంటికి రాకపోయినా ఈ పంపకం ఆగనవసరం లేదు. అయితే ఈ వరుసలో మనం మరచిపోతున్నవాడు ఒకడున్నాడు. డెల్టాలో నేడు పొలం దున్నుతున్నవారిలో ఎక్కువమంది కౌలు రైతులే. పట్టణంలో ఉండి కౌలు అందుకునే భూయజమానులు పండుగకు ముందు ఆ రైతు ఇంటికి వెళ్ళాలి. ఆ దంపతులకు బట్టలు పెట్టి, నైవేద్యానికి నాలుగు కుంచాల కొత్త బియ్యం వారి వద్దనే వెల ఇచ్చి తెచ్చుకోవాలి.

1996 నవంబరు తుపాను, 2023 డిసెంబరు మిచౌంగ్ తుపాను వంటివి చేతికొచ్చిన పంటను నీట ముంచిన సంవత్సరాలు మనకు తెలియనివి కావు. అటువంటి ఏడు పూర్తి కౌలు వసూలు చేసుకొని గుమ్మడికాయ దానమిచ్చినంత మాత్రాన ధర్మం నెరవేరదు. కౌలులో కొంత విడిచిపెట్టడమే ఆ యేటి సంక్రాంతి దానం. దేవునికి సమర్పించే కానుకైనా పండించినవాని పాలు తీసిన తరువాతదైతేనే శోభిస్తుంది.

చివరగా ఇంటి ముంగిట రథం ముగ్గు వేసి, దాని తాడును పొరుగింటి ముగ్గుతో కలుపుతాం. ఒక ఇంటి రథాన్ని మరొక ఇల్లు లాగాలన్నదే ఆ ముగ్గు చెప్పే పాఠం. భక్తులందరి గృహాలలో ధాన్యలక్ష్మి స్థిరనివాసం చేయుగాక!