పికప్ వాహనానికి జెనాన్ దీపాలు: బిగించే ముందు తెలుసుకోవలసినవి

హోసూరు పరిసరాల తోటల నుండి గులాబీలు, కూరగాయలు బెంగళూరు మార్కెట్లకు చేరేది తెల్లవారక ముందే. ఆ సరుకును మోసే పికప్ వాహనాల యజమానులలో కొందరు, కంపెనీ అమర్చిన హాలోజెన్ బల్బుల వెలుతురు చాలదని తలచి, విడిగా అమ్మే జెనాన్ కిట్లను బిగింపజేస్తుంటారు. చీకటిలో గుంతను, రోడ్డు దాటే పశువును ముందే చూడాలనుకోవడం న్యాయమే. ఆ కోరికను ఈ కిట్టు ఎంతవరకు తీరుస్తుందన్నది పరిశీలించవలసిన విషయం.

హాలోజెన్ బల్బులో వెలిగేది సన్నని లోహపు తీగ. జెనాన్ బల్బులో తీగ ఉండదు. వాయువు నిండిన గాజుబుడ్డిలో రెండు మొనల మధ్య విద్యుత్తు చాపంలా వెలుగుతుంది. దానిని రాజేయడానికి బ్యాలస్ట్ అనే పెట్టె సుమారు 20,000 వోల్టుల పోటును క్షణకాలం పుట్టిస్తుంది. 55 వాట్ల హాలోజెన్ బల్బు డిమ్‌లో సుమారు 1,000 ల్యూమెన్ల కాంతినిస్తే, 35 వాట్ల జెనాన్ బల్బు దాదాపు 3,000 ల్యూమెన్లు ఇస్తుంది. తక్కువ కరెంటుకు మూడింతల వెలుతురు అన్న అమ్మకందారు మాట అబద్ధమేమీ కాదు. చిక్కంతా ఆ వెలుతురు ఎటు పోతుందన్న దానిలో ఉంది.

చాలా పికప్‌లలో ఉండే హెచ్4 బల్బును పరిశీలిస్తే ఈ సంగతి తేటపడుతుంది. అందులో రెండు తీగలు ఉంటాయి. డిమ్ తీగ కింద చిన్న లోహపు దొప్ప ఉంటుంది. తీగ నుండి కిందికి పోయే కాంతి రిఫ్లెక్టరు అడుగు భాగానికి తగిలితే, అది పైకి మళ్లి ఎదుటివారి కళ్లలో పడుతుంది. దొప్ప దానిని అడ్డుకుంటుంది. రిఫ్లెక్టరు వంపు యావత్తూ ఆ తీగ ఉన్న చోటును బట్టి, దాని పరిమాణాన్ని బట్టి తీర్చినదే. అక్కడ వేరే ఆకారపు వెలుగును ఉంచితే కిరణాలు దారి తప్పుతాయి. మూడింతల కాంతి దారి తప్పడమంటే ఎదురుగా వచ్చే ద్విచక్ర వాహనదారుకు కొన్ని క్షణాలపాటు రోడ్డే కనిపించకపోవడం. వృద్ధుల కళ్లు తేరుకోవడానికి మరింత సమయం పడుతుంది. పికప్ దీపాలు కారు దీపాలకన్నా ఎత్తులో ఉంటాయి. వెనుక సరుకు నింపితే ముందుభాగం లేచి కాంతి ఇంకా పైకి పోతుంది. 2,000 ల్యూమెన్లు మించిన దీపాలకు ఎత్తును తనంతట తాను సరిచేసుకునే ఏర్పాటును ఐరోపా నిబంధనలు తప్పనిసరి చేసినది ఇందుకే.

నడిపేవారికి కలిగే లాభమూ కొంత భ్రమే. వాహనం ముందున్న నేల మరీ ప్రకాశిస్తే కంటిపాప ముడుచుకుంటుంది, దూరాన ఉన్నది మసకబారుతుంది. ఇక నీలి ఛాయ ఎక్కువైతే వెలుతురు ఎక్కువన్న నమ్మకం కేవలం అపోహ. 4,300 కెల్విన్ బల్బుకన్నా 8,000 కెల్విన్ బల్బు ఇచ్చే కాంతి తక్కువ.

మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు నిర్ణయించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదు. అనుమతి లేని మార్పుకు 182ఎ(4) సెక్షన్ ఒక్కొక్క మార్పుకు రూ. 5,000 జరిమానా గాని, ఆరు నెలల వరకు జైలు గాని, రెండూ గాని విధిస్తుంది. ఫిట్‌నెస్ పరీక్షలోనూ హెడ్‌లైట్లను చూస్తారు. కర్మాగారంలోనే జెనాన్ దీపాలతో తయారైన వాహనాల సంగతి వేరు. వాటి రిఫ్లెక్టరు, కటకం ఆ బల్బు కోసమే రూపొందినవి.

మరి మసక వెలుతురుకు ఉపాయమేమిటి? చాలాసార్లు లోపం బల్బులో ఉండదు, తీగలలో ఉంటుంది. ఇంజన్ నడుస్తుండగా దీపాలు వేసి, బ్యాటరీ వద్దా బల్బు హోల్డరు వద్దా మల్టీమీటరుతో వోల్టేజి కొలవాలి. బ్యాటరీ వద్ద 13.8 వోల్టులుండి హోల్డరు వద్ద 12.4 మాత్రమే ఉంటే, తగ్గినది పదో వంతే అయినా కాంతి దాదాపు 30 శాతం పడిపోతుంది. తుప్పు పట్టిన ఎర్తు కలయికను శుభ్రం చేసి, బ్యాటరీ నుండి ఫ్యూజు, రిలే మీదుగా మందమైన తీగ వేయిస్తే అదే హాలోజెన్ బల్బు కొత్తదానిలా వెలుగుతుంది. వారంటీ ఉన్న వాహనానికి ఈ పనిని కంపెనీ సర్వీసు కేంద్రంలోనే అడగడం మేలు. పసుపెక్కిన కటకాన్ని పాలిష్ చేయించాలి. కొత్త బల్బు గాజును వేళ్లతో తాకరాదు; చర్మపు జిడ్డు అంటిన చోట గాజు అధికంగా వేడెక్కి బల్బు త్వరగా పాడవుతుంది.

ఆపై దీపాల గురిని చూసుకోవాలి. టైర్లలో తగినంత గాలి ఉంచి, మామూలుగా వేసే సరుకుతోనే, సమతలమైన నేలపై గోడకు 10 మీటర్ల దూరంలో వాహనాన్ని నిలపాలి. దీపం నడిమి భాగం నేల నుండి 80 సెంటీమీటర్ల ఎత్తున ఉంటే, గోడపై డిమ్ కాంతి పై అంచు 70 సెంటీమీటర్ల వద్ద పడాలి. ఆ అంచు ఎడమ వైపు మాత్రమే పైకి లేచి ఉండాలి. కుడి వైపు లేస్తున్నదంటే ఆ దీపం కుడి పక్కన నడిచే దేశాల కోసం చేసినదని గ్రహించి, దానిని తీసివేయించాలి.