బండి కింద గొట్టం పగిలితే

పల్నాడులో మిరపకాయల కోతల కాలం. తెల్లవారక ముందే ముఠా బయలుదేరుతుంది. బండి పాత టాటా సుమో. వెనక ఎదురెదురు సీట్లు. నలుగురు పట్టే చోట ఎనిమిది మంది కూర్చున్నారు. బయట మంచు. అద్దాలన్నీ బిగించేశారు.

పది రోజులుగా బండి కింద టపటపమని చప్పుడు వస్తోంది. వెనక కూర్చున్న వాళ్లకి తలనొప్పి. ఒకామెకు అయిదో నెల. ఆమెకు రోజూ దారిలోనే వాంతి అవుతోంది.

“నిద్ర చాలక” అంది ఒకామె.

“పరగడుపున ఎక్కుతున్నాం గదా, అందుకే” అంది ఇంకొకామె.

ముఠా మేస్త్రమ్మ మాత్రం ఒకటి కనిపెట్టింది. చేలో దిగి గాలి తగిలితే అందరికీ తగ్గుతోంది. బండి ఎక్కితే మళ్లీ మొదలు.

“తమ్ముడూ, నీ బండి కింద ఏదో అయింది. చూపించు.”

“పాత బండక్కా. ఆ మాత్రం చప్పుడు ఉంటది. చప్పుడుకి జబ్బు చేస్తదా?”

చప్పుడుకి చేయదు. ఆ చప్పుడు వచ్చే చోట బయటపడే పొగకి చేస్తుంది.

పొగలేని పొయ్యి మీరు చూసే ఉంటారు. దానికి గొట్టం ఉంటుంది. పొగ ఆ గొట్టంలోంచి ఇంటి పైకి పోతుంది. గొట్టం మధ్యలో పగిలితే పొగ ఇంట్లోకే వస్తుంది. బండి సంగతీ అంతే. ఇంజను ముందు ఉంటుంది. అందులో డీజిల్ మండుతుంది. ఆ పొగ ఒక గొట్టంలో పడి, మన కాళ్ల కింద నుంచి సైలెన్సర్‌లోకి వెళ్లి, బండి వెనక బయటికి పోతుంది. మధ్యలో పగులు ఉంటే పొగ అక్కడే ఆగి పైకి లేస్తుంది. పాత బండికి అడుగు రేకులో చిల్లులుంటాయి. వాటిలోంచి లోపలికి వస్తుంది.

ఆ పొగలో రెండు రకాల చెడు ఉంది. ఒకటి కంటికి కనిపించే మసి. డీజిల్ పొగ క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లో తేల్చి చెప్పింది. రెండోది కార్బన్ మోనాక్సైడ్ అనే గ్యాసు. దీనికి రంగు లేదు, వాసన లేదు. మన నెత్తురు గాలిలోని ప్రాణవాయువును మోసుకుపోతుంది గదా. ఈ గ్యాసు వెళ్లి ప్రాణవాయువు కూర్చునే చోటులో కూర్చుంటుంది. తొందరగా లేవదు. తల నొస్తుంది, కళ్లు తిరుగుతాయి, వాంతి వస్తుంది, మగతగా ఉంటుంది. ఎక్కువైతే ప్రాణం పోతుంది. కడుపులోని బిడ్డకు ఇంకా ప్రమాదం.

డీజిల్ బండిలో ఈ గ్యాసు తక్కువే. పెట్రోలు బండిలో చాలా ఎక్కువ. డీజిలే గదా అని ఊరుకోవచ్చా? మూసిన బండిలో, రోజూ రెండు పూటలా, ఎనిమిది మంది. ఊరుకోకూడదు.

పొగ వస్తోందని కొందరు వెనక తలుపు తెరిచి పెడతారు. అది తప్పు. బండి పరుగెత్తేటప్పుడు వెనక గాలి సుడి తిరుగుతుంది. బయటికి పోయిన పొగను కూడా అది లోపలికి లాగుతుంది. పక్క అద్దాలు దించాలి. బండి ఆపి దిగడం అన్నిటికంటే మేలు.

మేస్త్రమ్మ వదలలేదు. “గొట్టం బాగు చేయిస్తేనే రేపు ఎక్కుతాం” అంది. డ్రైవరు సాయంత్రం బండిని షెడ్డుకి తీసుకుపోయాడు. ఆమె కూడా వెళ్లింది.

మెకానిక్కు ముందు ఇంజను చల్లారనిచ్చాడు. ఇంజను నడిచాక ఆ గొట్టం ముట్టుకుంటే చర్మం ఊడి వస్తుంది. జాకీ ఒక్కటి పెట్టి బండి కిందికి దూరకూడదు. జాకీ జారితే మనిషి దక్కడు. అందుకే గట్టి స్టాండ్లు పెట్టాడు. పగులు ఎక్కడుందో చూడాలంటే మసి చూడాలి. గొట్టం మీద నల్లటి చార ఉన్న చోటే పగులు. సైలెన్సర్ ముందు, అతుకు దగ్గర అది కనిపించింది.

“ఎంసీల్ పెట్టేయ్” అన్నాడు డ్రైవరు.

ఎంసీల్ నీళ్ల గొట్టానికి పనికొస్తుంది. ఈ వేడికి మాడి రాలిపోతుంది. రేకు చుట్టి క్లాంపులు బిగించడం ఒకటుంది. అది ఇల్లు చేరడానికి మాత్రమే. నిలిచేది వెల్డింగు. గొట్టం తుప్పు పట్టి పలచబడితే వెల్డింగు కూడా నిలవదు. ఆ ముక్క కోసి కొత్త ముక్క వేయాలి.

వెల్డింగు చేసే ముందు బ్యాటరీ నల్ల వైరు విప్పాలి. లేకపోతే బండిలోని కరెంటు సామాను కాలిపోవచ్చు. డీజిల్ గొట్టాలు, రబ్బరు పైపులు దూరంగా జరపాలి. పక్కన ఇసుక బకెట్టు ఉండాలి. తుప్పు, మసి గీకి ఇనుము మెరిసేదాకా రుద్దాలి. పగులుకు రెండు కొసల్లో చిన్న బెజ్జం వేస్తారు. ఎందుకు? బెజ్జం దగ్గర పగులు ఆగుతుంది, ముందుకు పాకదు. తర్వాత పైన పట్టీ వేసి అతుకుతారు. ఆ పట్టీ జింకు పూత రేకు కాకూడదు. దాన్ని కాలిస్తే వచ్చే పొగకి వెల్డరుకే జ్వరం వస్తుంది.

ఇంజను పక్కన పోత ఇనుము భాగం ఉంటుంది. దాన్ని మానిఫోల్డ్ అంటారు. అది పగిలితే మామూలు రాడ్డుతో అతకదు. పని తెలిసినవాళ్లకే ఇవ్వాలి.

అతికారు. అయిపోయిందా? కాలేదు. “గొట్టం ఎందుకు పగిలింది?” అని మేస్త్రమ్మ అడిగింది. మంచి ప్రశ్న. చాలామంది అడగరు. చూస్తే గొట్టాన్ని వేలాడదీసే రబ్బరు తెగి ఉంది. గొట్టం ప్రతి గుంటలో ఊగుతోంది. రబ్బరు మార్చకుండా వదిలితే నెలకే మళ్లీ పగులుతుంది. ఇంజను కింది మౌంటింగు అరిగినా ఇంతే. రబ్బరు మార్చారు. అడుగు రేకు చిల్లులు కూడా మూయించారు.

“పొల్యూషన్ కాగితం ఉంది గదా, ఇంకేం?” అన్నాడు డ్రైవరు. ఆ పరీక్ష గొట్టం చివర వచ్చే పొగను కొలుస్తుంది. మధ్యలో పగులు సంగతి అది చెప్పదు. అయినా కాగితం ఉండాలి. భారత్ స్టేజ్-4 కంటే పాత బండికి 6 నెలలు, ఆ తర్వాతి వాటికి 12 నెలలు చెల్లుతుంది. కాగితం మీద తేదీ ఉంటుంది. మీరు ఇప్పుడు చదవగలరు. అడిగి చదవండి.

బండిలో ఎవరైనా స్పృహ తప్పితే వెంటనే బయటి గాలికి తేవాలి. నోట్లో నీళ్లు పోయకూడదు. 108కి ఫోను చేయాలి. డాక్టరుతో “బండి పొగ పీల్చింది” అని తప్పక చెప్పాలి. వేలికి తగిలించే చిన్న యంత్రం ఈ గ్యాసును పట్టలేదు. అంకె బాగానే చూపిస్తుంది. మీరు చెబితేనే వాళ్లకి తెలుస్తుంది.

చదివి మాట్లాడుకోండి:

మేస్త్రమ్మకు బండి మీద అనుమానం ఎందుకు వచ్చింది?

వెనక తలుపు ఎందుకు తెరవకూడదు?

మీరు ఎక్కే బండి నంబరు, పొల్యూషన్ కాగితం చివరి తేదీ ఇక్కడ రాయండి.