ఓడలోని పాదిరిగారి దాఖలాలు

పాఠ్యభాగము: లూకా 1:1-4

ప్రియులారా, లూకా తాను వ్రాసినవాటిని కన్నులార చూచినవాడు కాడు. చూచినవారిని అడిగి, మొదటనుండి విచారించి వ్రాసెను. యుద్ధకాలమందు ఓడలపై పరిచర్యచేసిన పాదిరిగార్లను గూర్చి తెలిసికొనగోరు వారి బంధువులును ఈ మార్గమునే పోవలసియున్నది.

అమెరికా నౌకాదళమువారి పాత సేవాపత్రములు సెయింట్ లూయిస్ పట్టణములో నున్నవి. 1973లో అచ్చటి అగ్నిప్రమాదమందు భూసైన్యపు, వైమానికదళపు కాగితములు విస్తారముగా కాలిపోయెను గాని నౌకాదళపువి తప్పించుకొనెను. అయితే ఓడ హాజరుపట్టీలో పాదిరిగారి పేరు వెదకుట వ్యర్థము. అందులో సామాన్య నావికుల పేర్లేయుండును. పాదిరి అధికారి గనుక అధికారుల పట్టికలు చూడవలెను. బ్రిటిషు నౌకాదళములోనైతే పాదిరికి హోదాయే లేదు. ఎవరితో మాటలాడిన వారి హోదాయే ఆయనది. ఈ ఏర్పాటు మనకు మిక్కిలి నచ్చినది.

సేవాపత్రము తేదీలు చెప్పును, ఓడ పేరు చెప్పును, అంతే. అలోయిసియస్ ష్మిట్ గారి సంగతి చూడుడి. (ఆయన రోమను సభ గురువు, అయినను చెప్పక మానలేము.) 1941 డిసెంబరు 7న హవాయి దీవులలోని పెరల్ హార్బరులో టార్పెడోల దాడివలన ఓక్లహోమా అను ఓడ బోర్లపడెను. చిన్న కిటికీలో సగము దూరి ఇరుకుకొనిన ఆయన, వెనుక ఇంకను మనుష్యులున్నారని యెరిగి, తన్ను తిరిగి లోపలికి త్రోయుమని వేడుకొనెను. బ్రదికి బయటపడినవారు చెప్పగా ఈ సంగతి తెలిసెను. పేరులేని సమాధిలోనున్న ఆయన అస్థికలను 2016లో డి.ఎన్.ఎ. పరీక్షచేత గుర్తించి, స్వరాష్ట్రమైన అయోవాలో సమాధిచేసిరి.