మన దేహంలోని నాలుగు కణజాలాలు

ఒకే పనికై కూడిన కణాల సమూహమే కణజాలం. మన దేహంలో ఇవి నాలుగు రకాలు. ఉపకళా కణజాలం చర్మపు పైపొరగా, పేగుల లోపొరగా కప్పి కాపాడుతుంది. సంయోజక కణజాలం అవయవాలను కలిపి నిలుపుతుంది. ఎముక, రక్తం ఇందులోనివే. కండర కణజాలం కదలికనిస్తుంది. నాడీ కణజాలం సందేశాలను చేరవేస్తుంది.

భీమవరంలో పుట్టి, ఈ నగరంలోని మద్రాసు వైద్య కళాశాలలో చదివిన యల్లాప్రగడ సుబ్బారావు, 1927లో సైరస్ ఫిస్కేతో కలిసి, కండరానికి తక్షణ శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్‌ను లోకానికి వెల్లడించారు.

తెగిన చర్మం మానుతుంది; విరిగిన ఎముక అతుకుతుంది. గుండె కండరం, మెదడు కణాలు నశిస్తే దాదాపు తిరిగి రావు. కనుక ఛాతీలో నొప్పి పట్టేసినా, మూతి వంకర తిరిగినా, మాట తడబడినా తెల్లవారే దాకా ఆగవద్దు. వెంటనే 108కు ఫోన్ చేయండి.